ఇంటి మిషను, తుపాకి సరదా

జిల్లాలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా బస్టాండుకు కూతవేటు దూరంలో ఒక లేత్ షాపు కనిపిస్తుంది. ట్రాక్టరు పిన్ను అరిగినా, బోరు మోటారు షాఫ్టు వంగినా, చెరకు గానుగ పళ్లు పోయినా రైతు పరుగెత్తేది అక్కడికే. ఆ షాపుల్లో పనిచేసే కుర్రవాళ్ల సెల్‌ఫోన్లలో ఇప్పుడొక కొత్త వింత తిరుగుతున్నది. అమెరికాలో మామూలు గృహస్థులు కారు షెడ్డులో, బల్లమీద పట్టేటంత మిల్లింగ్ మిషనును స్వయంగా బిగించుకొని, కంప్యూటరుతో నడిపిస్తూ, తమ తుపాకులకు కావలసిన భాగాలను తామే కోసుకుంటున్నారు. అది వారికి ఆదివారంనాటి కాలక్షేపం. చేపలు పట్టడం ఎలాగో, పాత కారు బాగుచేయడం ఎలాగో ఇదీ అలాగే.

చూసిన కుర్రవాడికి రెండు ఆలోచనలు వస్తాయి. ఇటువంటి మిషను మనమూ చేసుకోవచ్చు గదా అన్నది ఒకటి. ఆ పనీ మనమూ చేయవచ్చు గదా అన్నది రెండవది. మొదటి ఆలోచన వచ్చిన కుర్రవాడిని వెన్నుతట్టి ప్రోత్సహించాలి. రెండవది ఇల్లు కూల్చే ఆలోచన. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడుందో చెప్పేవారు గ్రామాల్లో లేకపోవడం ఆందోళన కలిగించే విషయం.

ముందు ఆ మిషను సంగతి. లేతులో ఇనుము తిరుగుతుంది, కోసే పనిముట్టు తిరగదు. మిల్లింగ్ మిషనులో ఇనుమును బల్లకు బిగిస్తారు, పళ్లున్న కట్టరు గిర్రున తిరుగుతూ దానిని కోస్తుంది. బల్ల కుడి ఎడమలకు, ముందు వెనుకలకు జరుగుతుంది. కట్టరు పైకి కిందికి కదులుతుంది. ఈ మూడు కదలికలకూ మూడు చేతి చక్రాలుంటాయి. పూర్వం మిస్త్రీ వాటిని తిప్పేవాడు. ఆ చేతికి బదులు మూడు చిన్న మోటార్లు పెట్టి, వాటికి అంకెల్లో ఆజ్ఞలిచ్చే ఏర్పాటే సి.ఎన్.సి. ఇంత దూరం కుడికి, ఇంత లోతు కిందికి అని వరుసగా రాసిన ఆజ్ఞలను కంప్యూటరు చదువుతూ పోతుంది, మోటార్లు తిరుగుతూ పోతాయి. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో, వైమానిక దళం డబ్బుతో తయారైన ఇటువంటి మిషనును నడిపి చూపినప్పుడు, ఆజ్ఞలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ఉండేవి. వాటిని చదివే యంత్రాంగంలో వందల కొద్దీ వాక్యూమ్ ట్యూబులు వెలిగేవి. ఇప్పుడు ఆ పనిని అరచేతిలో ఇమిడే ఒక సర్క్యూటు పలక చేస్తున్నది. అటువంటి పలకపై నడిచే జి.ఆర్.బి.ఎల్., మామూలు కంప్యూటరుపై నడిచే లైనక్స్ సి.ఎన్.సి. వంటి ప్రోగ్రాములకు పైసా ఇవ్వనక్కరలేదు.

లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇటువంటి మిషనుకు వాడే స్టెప్పర్ మోటారు గడియారం ముల్లులా అంచెలంచెలుగా తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టుకు 200 అంచెలు. ఆ మోటారు తిప్పే మరల కడ్డీ ఒక చుట్టుకు బల్లను 5 మిల్లీమీటర్లు జరిపితే, ఒక్కొక్క అంచెకు బల్ల కదిలేది 0.025 మిల్లీమీటరు. అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఇరవై ఏళ్లు చేయి తిరిగిన మిస్త్రీ కంటిచూపుతో, చేతి స్పర్శతో పట్టుకునే కొలతను నిన్నగాక మొన్న పని నేర్చిన కుర్రవాడు అంకె వేసి సాధిస్తాడు.

కాని కాగితం మీది లెక్క వేరు, ఇనుము మీది పని వేరు. ఇంట్లో ఈ మిషను బిగించిన వారందరూ మొదట తినే దెబ్బ ఒక్కటే. చట్రంలో బలం చాలదు. చెక్క బల్ల మీద, పలుచటి అల్యూమినియం కడ్డీలతో నిలబెట్టిన మిషను చెక్కను, ప్లాస్టిక్కును చక్కగా కోస్తుంది. ఇనుము దగ్గరకు వచ్చేసరికి కట్టరు వణికి, పళ్లు విరిగి, కోసిన చోట గీతలు పడతాయి. ఇరుసు వదులైన బండి చక్రం ఎలా ఊగుతుందో, మరల కడ్డీకీ నట్టుకూ మధ్య సందు ఉంటే బల్ల అలా ఆడుతుంది. ఆ ఆట వెంట్రుకవాసి ఉన్నా పైన చెప్పిన లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే తెలిసినవారు పాత మిల్లింగ్ మిషనునో, బరువైన డ్రిల్లింగ్ మిషను చట్రాన్నో కొని దానికి మోటార్లు తగిలిస్తారు. కొందరు రాతి పొడిని రసాయనపు జిగురుతో కలిపి దిమ్మె పోస్తారు. బరువు ఎంత ఉంటే వణుకు అంత తక్కువ. తిరగలి రాయి బరువెందుకో తెలిసిన పల్లెలకు ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు. ఇక పని మధ్యలో కరెంటు పోతే మోటార్లకు తామెక్కడ ఆగామో జ్ఞాపకం ఉండదు. సగం కోసిన ముక్క చాలాసార్లు తుక్కు కింద పోవలసిందే. కళ్లద్దాలు లేకుండా మిషను ముందు నిలబడితే ఎగిరివచ్చే ఇనుప పొట్టు కంటికి చేసే హాని ఏ లేత్ షాపు ముసలి మిస్త్రీని అడిగినా చెబుతాడు.

ఈ మిషనుకూ తుపాకికీ చుట్టరికం కొత్తది కాదు. అమెరికాలో మిల్లింగ్ మిషను పెరిగి పెద్దదయింది 19వ శతాబ్దపు తుపాకి కార్ఖానాల్లోనే. ఒక తుపాకిలోని భాగం మరో తుపాకిలో అచ్చంగా సరిపోవాలంటే చేతి ఆకురాయితో సాధ్యం కాదు గనుక సర్కారు ఆయుధశాలలు ఇటువంటి యంత్రాలకు డబ్బు పోశాయి. 1819లో థామస్ బ్లాంచార్డ్ తుపాకి కర్ర మడమను దానంతట అదే చెక్కే లేతును కనిపెట్టినదీ ఆ అవసరం కోసమే. తరువాత ఆ విద్య కుట్టుమిషనుకు, సైకిలుకు, మోటారుకారుకు పాకింది. కనుక అక్కడివారు ఇంటి మిషను మీద తుపాకి పని చేయడంలో వారి దృష్టిలో వింత లేదు. ఆ సరదాలో ఎక్కువ భాగం నిరపాయమైనదే. తాత కాలంనాటి వేట తుపాకికి విరిగిన మరమేకు, గురి చూసే దుర్భిణికి ఆధారపు పట్టీ, పిడికి నగిషీ చెక్కిన పలక, ఇటువంటివే చేసుకుంటారు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తుపాకులు చేసి అమ్మే వ్యాపారికి లైసెన్సు తప్పదు. 1968 చట్టం ఆ సంగతి స్పష్టం చేసింది. తుపాకి ఉంచుకునే అర్హత ఉన్న మనిషి సొంతానికి మామూలు తుపాకి చేసుకుంటే కేంద్ర లైసెన్సు అడగరు. కాలిఫోర్నియా, న్యూయార్కు, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇంట్లో చేసిన వాటికి తమ సొంత ఆంక్షలు విధించాయి.

ఆ సందులోనుంచే కష్టాలు మొదలయ్యాయి. 2013లో టెక్సాస్‌లోని డిఫెన్స్ డిస్ట్రిబ్యూటెడ్ అనే సంస్థ ప్లాస్టిక్ పిస్తోలు నమూనాను కంప్యూటరు ద్వారా లోకానికంతటికీ పంచిపెట్టగా అమెరికా విదేశాంగ శాఖ దానిని తీసివేయవలసిందిగా కోరింది. మరుసటి ఏడు అదే సంస్థ తుపాకి పని కోసమే ఉద్దేశించిన చిన్న సి.ఎన్.సి. మిషనును అమ్మకానికి పెట్టింది. దీనికి తోడు, అక్కడి చట్టం తుపాకిగా పరిగణించే మొండెం భాగాన్ని పూర్తి చేయకుండా కొంత పని మిగిల్చి, అది తుపాకి కాదంటూ అమ్మే వ్యాపారం సాగింది. కొన్నవాడు ఇంట్లో మిగతా పని పూర్తి చేసుకుంటాడు. నంబరు ఉండదు. ఎవరు చేశారో, ఎవరు కొన్నారో పోలీసులకు అంతుబట్టదు. వీటికి దయ్యపు తుపాకులన్న పేరు వచ్చింది. ఆరా తీయడం కోసం పోలీసులు కేంద్రానికి పంపిన ఇటువంటి తుపాకులు 2017లో 1,600 కాగా 2021లో 19,000 దాటాయని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నది.

సరదా చేసినవారందరూ నేరస్థులు కారన్నది నిజమే. అయితే 2017 నవంబరులో కాలిఫోర్నియాలోని రాంచో తెహామాలో, తుపాకులు ఉంచుకోరాదని కోర్టు ఆదేశించిన మనిషి ఇంట్లో చేసుకున్న రైఫిళ్లతో ఐదుగురి ప్రాణాలు తీశాడు. 2019 నవంబరులో అదే రాష్ట్రంలో 16 ఏళ్ల విద్యార్థి బడి ఆవరణలోనే ఇద్దరు తోటి విద్యార్థులను చంపి తనను తాను కాల్చుకున్నాడు. అతని చేతిలోని పిస్తోలు విడిభాగాలతో బిగించినదని పోలీసులు తేల్చారు. 2022లో కేంద్ర ప్రభుత్వం, తేలికగా తుపాకిగా మార్చగల విడిభాగాల పెట్టెలను కూడా తుపాకులుగానే లెక్కించి, నంబరు వేయాలనీ కొనేవాని పూర్వాపరాలు విచారించాలనీ నిబంధన పెట్టింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో సమర్థించింది, ఇద్దరు విభేదించారు. తుపాకిని జన్మహక్కుగా భావించే దేశంలో కూడా ఈ సరదాకు పగ్గం వేయక తప్పలేదన్నమాట.

ఈ సంగతులన్నీ జిల్లాలోని పల్లెకెందుకని పెద్దలు అనుకోవచ్చు. రెండు కారణాల వల్ల ఇవి పల్లెకు కావలసినవే.

అమెరికాలో కొడుకో, కూతురో, అల్లుడో ఉన్న ఇళ్లు ఇప్పుడు గ్రామాల్లోనూ ఉన్నాయి. అక్కడ అందరూ చేస్తున్నారు గదా అని చదువుకునే వీసామీదనో, ఉద్యోగపు వీసామీదనో ఉన్న కుర్రవాడు ఈ సరదాలో దిగితే చట్టం అతన్ని అక్కడి పౌరునిలా చూడదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాగాని దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టరీత్యా నేరం. వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిమందికే మినహాయింపు. శిక్ష 15 ఏళ్ల వరకు పడవచ్చు, ఆపైన దేశంనుంచి పంపివేయవచ్చు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి పంపిన కుటుంబాలు ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట చెవిన వేయడం మంచిది. స్నేహితునితో సరదాగా కాల్పుల మైదానానికి వెళ్లి, జ్ఞాపకార్థం ఒక తూటాను సంచిలో వేసుకొని వచ్చినా ఇక్కడి విమానాశ్రయంలో పోలీసు కేసును ఎదుర్కోవలసి రావచ్చు.

రెండవ కారణం ఇంటికి మరీ దగ్గరిది. భారతదేశంలో ఇంట్లో తుపాకి పని అన్నది సరదాగా చేసుకునే వీలే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయడమే కాదు, అమ్మడం, మార్పుచేయడం, మరమ్మతు చేయడం, పరీక్షించి చూడడం కూడా నిషిద్ధం. 2019 సవరణ తరువాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు పోవచ్చు, జరిమానా అదనం. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంచుకున్నందుకు రెండేళ్లనుంచి ఐదేళ్లు. పక్కింటి పెద్దాయన తన నాటు తుపాకి గుర్రం వదులైందని తెచ్చి ఇస్తే, మొహమాటానికి పోయి సరిచేసి యాభై రూపాయలు పుచ్చుకున్న లేత్ మిస్త్రీ, తుపాకి ఉన్నవానికంటే పెద్ద నేరంలో ఇరుక్కుంటాడు. ఇది చాలామందికి తెలియని సంగతి.

ఇంకొక మెలిక ఉన్నది. ఆ చట్టం ఆయుధాలు అన్న మాటకు చెప్పిన అర్థంలో ఆయుధాల భాగాలనే కాక, వాటిని తయారుచేసే యంత్రసామగ్రిని కూడా చేర్చింది. కేవలం ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి ఉద్దేశించిన వస్తువులను మినహాయించింది. అంటే పంపు భాగాలు కోసే మిషనుకు భయం లేదు. అదే మిషను మీద ఒక్కసారి తుపాకి భాగం బిగిస్తే మిషను పోతుంది, షాపు పోతుంది, మనిషి జైలుకు పోతాడు. బ్యాంకు అప్పు మాత్రం మిగిలి ఉంటుంది. తుపాకి మందు నూరుకోవడానికి 1884 నాటి ప్రేలుడు పదార్థాల చట్టం వేరే కాచుకొని ఉన్నది.

ఆయుధాల మీద ఇంత కట్టుదిట్టం తెల్లదొరల కాలంలో మొదలైంది. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన ఆయుధాల చట్టం ఈ దేశపు జనాన్ని నిరాయుధులను చేసిందని స్వాతంత్ర్యోద్యమ నాయకులు దుమ్మెత్తిపోశారు. కొడగు ప్రాంతపు కొడవలకు మాత్రం లైసెన్సునుంచి మినహాయింపు ఆనాటినుంచీ సాగుతూ వస్తున్నది. తక్కిన చోట్ల తుపాకి పని తెలిసిన చేతులు చీకటిలోకి పోయాయి. బీహారులోని ముంగేరులో మీర్ ఖాసిం నవాబు ఆయుధశాల పెట్టింది 1760 దశకంలో. అక్కడ ఈనాటికీ ఒక పక్క లైసెన్సు గల కార్ఖానాలు, మరో పక్క దొంగ తుపాకులు పట్టుబడిన వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. తెలుగునాట ఆ విద్య ఇంకో దారి పట్టింది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన రోజులున్నాయి. అటువంటి కొలుముల వారసులు కర్రు, పార, గొడ్డలి చేసి బతికి, ట్రాక్టరు వచ్చాక అదీ కరువై, కొందరు వలసపోయారు. అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకులు చేసి పట్టుబడిన కమ్మరుల పేర్లు పోలీసుల ప్రకటనల్లో అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి. ఎవరికి చేసి ఇచ్చారన్నది రాస్తారు గాని, ఎందుకు అడిగారన్నది అందులో ఉండదు.

అడిగినవాడు సాధారణంగా దోపిడీదొంగ కాడు. పైరు పోగొట్టుకున్న రైతు. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు, మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళకు అడవి పందుల మంద ఒక్క రాత్రిలో ఎకరం చేనును దున్నిపారేస్తుంది. మంచె మీద కూర్చొని డబ్బాలు వాయించినా, పాత చీరలు కట్టినా నాలుగు రోజులే. తరువాత పందులకు అవి అలవాటు. అప్పుడు రైతు ముందున్నవి మూడు దారులు. కంచెకు దొంగచాటుగా కరెంటు పెట్టడం, మందు కూరిన ఉండలు వేయడం, నాటు తుపాకి. కరెంటు కంచెకు పందికంటే ముందు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు బలవుతున్నాడు. మందు ఉండ కొరికి దవడ పగిలిన పశువులను చూసినవారికి ఆ దృశ్యం మరపు రాదు. నాటు తుపాకి పేలితే పందికి తగులుతుందో లేదో గాని, గొట్టం పగిలి పేల్చినవాని చేయి పోయిన ఉదంతాలు తక్కువ కావు. చీకట్లో కదిలిన పొదను చూసి కాల్చి తోడు వచ్చిన మనిషినే పోగొట్టుకున్న ఉదంతాలూ ఉన్నాయి.

సి.ఎన్.సి. మిషనుమీద చేస్తే గొట్టం పగలదు గదా అని తెలివైన కుర్రవాడు వాదించవచ్చు. మిషను కొలతను మాత్రమే సరిగ్గా కోస్తుంది. ఆ ఇనుము ఎంత పేలుడు తట్టుకుంటుందో దానికి తెలియదు. అధికారికంగా తయారైన ప్రతి తుపాకినీ అమ్మకానికి ముందు పరీక్షించి ముద్ర వేసే పద్ధతి ఉన్నది అందుకే. పైగా ఇందాక చెప్పిన ఏడేళ్ల శిక్ష కొలత బాగా కుదిరినదని తగ్గదు.

విచిత్రమేమంటే పైరు కాపుదలకు తుపాకి కావాలన్న రైతు మొరను ఈ కఠినమైన చట్టమే 1959లోనే ఆలకించింది. 13వ సెక్షనులో స్పష్టంగా ఉన్నది. నిజంగా పైరు రక్షణకే అయితే, గొట్టం మూతినుంచి మందు కూరే రకం తుపాకికి లైసెన్సు ఇచ్చే అధికారి లైసెన్సు మంజూరు చేయవలసి ఉంటుంది. ఆ రకం చాలదని తోస్తే వేరే రకం నున్నటి గొట్టపు తుపాకికీ ఇవ్వవచ్చు. ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు, కమిషనరేటు ప్రాంతాల్లో పోలీసు కమిషనరు. పోలీసు విచారణ నివేదిక తెప్పించుకోవాలి. మనిషి నడవడి, శాంతిభద్రతల దృష్ట్యా నిరాకరించే అధికారమూ ఉన్నది. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి, పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు రైతుకు ఉన్నది. జిల్లాలో ఎందరు రైతులకు ఈ సెక్షను సంగతి తెలుసు? తుపాకి లైసెన్సు అనగానే అది రాజకీయ నాయకులకు, కాంట్రాక్టర్లకు, బ్యాంకు కాపలాదారులకు సంబంధించినదని పల్లె అనుకుంటున్నది. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులో పెట్టాలి. చేను వదిలి నాలుగు కార్యాలయాలు తిరగలేక, కంప్యూటరు ముందు కూర్చోలేక రైతు కొలిమి దగ్గరకే పోతున్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తుపాకికి లైసెన్సు రావడం వేరు, అడవి పందిని కాల్చడానికి అనుమతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నది. పైరుకు హాని చేస్తున్న జంతువును వేటాడడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయన అధికారమిచ్చిన అధికారిగాని 11వ సెక్షను కింద కారణాలు రాసి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. రైతు ఒక గడప దగ్గర తుపాకి కాగితం, ఇంకో గడప దగ్గర పంది కాగితం సంపాదించుకోవాలి. ఈ రెండు శాఖలూ పంట కాలానికి ముందు ఒక రోజు కూర్చొని, అటవీ అంచు మండలాల్లో ఏ ఊళ్లలో బెడద ఎక్కువో గుర్తించి, దరఖాస్తులను అక్కడే రాయించుకుంటే ప్రభుత్వానికి అయ్యే అదనపు ఖర్చేమీ లేదు. ఊరికి ఇద్దరు ముగ్గురు బాధ్యత గల మనుషుల చేతిలో నంబరు గల తుపాకి ఉండడం మంచిదా, పది ఇళ్ల అటకలమీద నంబరు లేని గొట్టాలు దాగి ఉండడం మంచిదా అన్నది పోలీసు అధికారులే ఆలోచించుకోవాలి. దాడులు చేసి నాటు తుపాకులు పట్టుకోవడం, స్వచ్ఛందంగా అప్పగించాలని చాటింపు వేయడం అవసరమే. అప్పగించిన రైతు మరుసటి రాత్రి చేనును ఎలా కాచుకుంటాడన్న ప్రశ్నకు చాటింపులో జవాబు లేదు.

ఇక ఆ మిషను మాట. ఏదో ఒకనాడు ఎక్కడో ఒక షాపులో తుపాకి భాగం దొరికిందన్న నెపంతో జిల్లాలోని లేత్ షాపులన్నిటినీ అనుమానంతో చూసే పరిస్థితి రాకూడదు. షాపులవారు కూడా తాము కోసే ప్రతి పనికీ తెచ్చినవాని పేరు, ఊరు, వస్తువు రాసుకొనే పుస్తకం ఒకటి పెట్టుకుంటే వారికే రక్ష. తెలియని మనిషి నమూనా చూపకుండా గొట్టాలూ గుర్రాలూ అడిగితే కాదనడంలో నామోషీ ఏమీ లేదు.

ఎందుకంటే ఇంటి సి.ఎన్.సి. మిషను వల్ల బాగుపడవలసిన ఊళ్లు ఇవే. కంపెనీ మూతపడిన పాత ఆయిలు ఇంజనుకు పళ్లచక్రం దొరకక ఇంజనంతా తుక్కుకు పోతున్నది. విత్తనాల గొర్రుకు గింజ జారే పలక ఒక్కో పంటకు ఒక్కో కొలతలో కావాలి. బిందుసేద్యపు జాయింట్లు, మందు కొట్టే పంపు వాల్వులు, మగ్గం భాగాలు, చివరకు పోలియో సోకిన పిల్లవాని కాలి పట్టీకి కీలు, ఇవన్నీ ఈ మిషను కోయగలిగినవే. ఒకసారి అంకెలు రాసి పెట్టుకుంటే అదే భాగం పదేళ్ల తరువాత అడిగినా అదే కొలతలో వస్తుంది. 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో హెచ్.ఎం.టి. మొదలైనప్పుడు మిల్లింగ్ మిషను అంటే వందల మంది పనిచేసే కార్ఖానా సొత్తు. ఇప్పుడది వంటింటి బల్లమీదికి వచ్చింది. 1968లో స్థాపించిన బాలానగరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో ఈ విద్య నేర్పుతున్నారు. జిల్లాలోని ఐ.టి.ఐ.లలో మెషినిస్టు, టర్నరు చదువుతున్న పిల్లలు స్వంతంగా చిన్న సి.ఎన్.సి. మిషను బిగిస్తే దానిని పరీక్షలో ప్రాజెక్టు పనిగా లెక్కించాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కమ్మరి పని ఉన్నది. శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భత్యం, పనిముట్లకు రూ. 15,000, తక్కువ వడ్డీకి రెండు విడతలుగా రూ. 3 లక్షల వరకు అప్పు ఇస్తారు. చోద్యమేమంటే ఆ పథకంలోని 18 వృత్తుల జాబితాలో ఆయుధాలు చేసేవారు కూడా ఉన్నారు. ఆ పేరు చూసి లైసెన్సు వచ్చిందనుకొని ఎవరైనా కొలిమి వెలిగిస్తే ఆయుధాల చట్టం ఊరుకోదు. పథకం దరఖాస్తులు తీసుకునే చోటనే ఈ సంగతి చెప్పి పంపడం సిబ్బంది ధర్మం.

కలెక్టరు, జిల్లా ఎస్పీ, అటవీ అధికారి కలిసి 13వ సెక్షనులోను, 11వ సెక్షనులోను ఉన్న సంగతులను అచ్చ తెలుగులో ఒక్క పేజీలో ముద్రించి, పంచాయతీ కార్యాలయాల గోడలకు, లేత్ షాపుల తలుపులకు అంటించవచ్చు. వేరుశనగ ఊడ దిగడానికి ఎన్నో వారాలు లేవు. దరఖాస్తులమీద అవుననిగాని కాదనిగాని నిర్ణయం అంతకు ముందే రైతు చేతికి అందాలి.